ఉరి తీస్తే ప్రభుత్వానికి డబ్బు మిగులుతుందా?

అడిగిన ప్రశ్న ఇది: "ఘోరమైన హత్యలు చేసినవాళ్లను యావజ్జీవం పేరుతో నలభై ఏళ్లు మన పన్నుల డబ్బుతో మేపేది దేనికి? ఉరి తీస్తే ఒక్క తాడుతో పోతుంది కదా. అమెరికాలో మరణశిక్షకే ఎక్కువ ఖర్చవుతుందని విన్నాను. నిజమేనా? మన దగ్గరా అంతేనా?"

చిత్తూరు కోర్టులో నల్లకోటు వేసుకుని ఈ ఏటికి ముప్పై రెండేళ్లు. ఎక్కువ కాలం ముద్దాయిల తరఫున, కొన్నేళ్లు ప్రాసిక్యూషన్ వైపు కూడా పనిచేశాను. మా మేయర్ దంపతుల హత్య కేసులో 2025 అక్టోబర్ 31న ఐదుగురికి ఉరిశిక్ష వేశారు. ఆ సాయంత్రం టీ అంగడి దగ్గర ఒక పెద్దాయన నా చేయి పట్టుకుని ఇదే అడిగాడు. "ఇంకేముంది సార్, నెలలో తీసేస్తారా? లేకుంటే వీళ్లకు ఇంకా కూడు పెట్టాల్సిందేనా?" ఆయన కోపం నాకు అర్థమైంది. 2015 నవంబర్‌లో పట్టపగలు కార్పొరేషన్ ఆఫీసులోనే జరిగిన హత్యలవి. ఊరంతా వణికిపోయింది. అయినా ఆయనకు నేను చెప్పింది ఒకటే. నెలలో తీయరు. ఉరిశిక్ష పడినా ఏళ్ల తరబడి కూడు పెట్టాల్సిందే.

మీకు సూటిగా చెప్పాలంటే, డబ్బు మిగలదు. అమెరికాలో ఈ లెక్క చాలాసార్లు వేశారు, మరణశిక్షే ఖరీదని తేలింది. మన దగ్గర ఇంత పద్ధతిగా లెక్క వేసి ప్రజల ముందు పెట్టినవాళ్లు నాకు కనపడలేదు. కానీ ఒక ఉరిశిక్ష కేసు ఏయే మెట్లు ఎక్కుతుందో, ఒక్కో మెట్టు దగ్గర ఎవరెవరి జీతాలు, ఎన్ని రోజులు ఖర్చవుతాయో నేను కళ్లారా చూశాను. అది చెప్తాను.

ముందు మీరన్న తిండి ఖర్చు తీసుకుందాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా జైళ్ల లెక్కలు వేస్తుంది. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5.73 లక్షల మంది ఉన్నారు. జైళ్ల మీద పెట్టే ఖర్చు ఏడాదికి ఏడెనిమిది వేల కోట్ల దరిదాపుల్లో ఉంటుంది. భాగించి చూస్తే తలకు ఏడాదికి సుమారు లక్షా ముప్పై వేలు. నలభై ఏళ్లకు యాభై రెండు లక్షలు. మీ మనసులో ఉన్న అంకె ఇదే అయి ఉంటుంది. చిన్న మొత్తమేమీ కాదు, ఒప్పుకుంటాను.

కానీ ఈ లక్షా ముప్పై వేలల్లో పెద్ద వాటా జైలు సిబ్బంది జీతాలది. కడప సెంట్రల్ జైల్లో ఒక ఖైదీ తగ్గాడని వార్డరు జీతం ఆపరు కదా, గోడకు కాపలా మానేయరు కదా. ఒక మనిషి లేకపోతే నిజంగా మిగిలేది అతని తిండి, బట్ట, మందుల ఖర్చు మాత్రమే. అది ఈ మొత్తంలో తక్కువ భాగమే.

ఇంకో సంగతి. యావజ్జీవ ఖైదీ ఊరికే కూర్చోడు. కడప జైలు తరఫున పెట్రోలు బంకు నడుస్తుంది, అక్కడ ఖైదీలే పెట్రోలు పడతారు. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఉంది. నడవడిక బాగున్నవాళ్లను అక్కడికి పంపుతారు, పంట పండిస్తారు. జైలు పనికి వాళ్లకు కూలి లెక్కకడతారు. ఆ పని వల్ల జైలు ఖర్చు ఎంతో కొంత తిరిగి వస్తుంది. ఉరిశిక్ష పడినవాడికి మామూలుగా ఆ పని ఉండదు. అతన్ని విడిగా ఉంచి, కాపలా పెట్టి, ఆత్మహత్య చేసుకోకుండా కళ్లలో వత్తులు వేసుకుని చూడాలి. ప్రాణం తీయడానికే ఉంచిన మనిషిని ఆ రోజు దాకా ప్రాణంతో కాపాడాలి. ఆ మనిషి మీద తక్కువ ఖర్చు ఎలా అవుతుంది చెప్పండి.

ఇప్పుడు మెట్ల సంగతి. సెషన్స్ జడ్జి ఉరిశిక్ష అని రాసినంత మాత్రాన అది అమలు చేయదగిన శిక్ష కాదు. హైకోర్టు నిర్ధారించాలి. నేర కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టంలోనే ఇది ఉంది, పాత సీఆర్‌పీసీలో 366వ సెక్షన్, దాని చోట వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 407వ సెక్షన్. ముద్దాయి అప్పీలు చేసుకోకపోయినా ఫైలు దానంతటదే పైకి పోతుంది. మా హైకోర్టులో దీన్ని రెఫర్డ్ ట్రయల్ అంటారు, ఆర్‌టీ నంబరు ఇస్తారు. కనీసం ఇద్దరు జడ్జీలు కూర్చుని సాక్ష్యాన్ని మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చూడాలి. ఆ తర్వాత సుప్రీంకోర్టు, అక్కడ ముగ్గురు జడ్జీల బెంచి. అక్కడ ఓడితే రివ్యూ, అంటే అదే కోర్టును తన తీర్పు మళ్లీ చూడమని అడగడం. మామూలు రివ్యూ పిటిషన్లను జడ్జీలు తమ గదిలోనే చూసి పక్కన పెట్టేయొచ్చు. ఉరిశిక్ష కేసుల్లో మాత్రం బహిరంగంగా కోర్టులో వాదన వినాలని 2014లో తీర్పు వచ్చింది. ఆపైన క్యూరేటివ్ పిటిషన్, అంటే రివ్యూ కూడా పోయాక అదే కోర్టులో పెట్టుకునే చివరి అర్జీ. ఆపైన గవర్నరుకు, రాష్ట్రపతికి క్షమాభిక్ష అర్జీలు. అర్జీ తిరస్కరిస్తే ఆ తిరస్కరణ మీద మళ్లీ కోర్టు.

మామూలు యావజ్జీవం కేసులో ఇన్ని లేవు. హైకోర్టులో అప్పీలు ఒకటి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. సుప్రీంకోర్టుకు పోయినా, వాళ్లు అనుమతిస్తేనే వింటారు.

ఒక కేసు చెప్తాను. పేర్లు, ఊళ్లు వద్దు. పలమనేరు వైపు పల్లె, పొలం గట్టు తగాదాలో రెండు ప్రాణాలు పోయాయి. ముద్దాయికి సెషన్స్ కోర్టు ఉరి వేసింది. అప్పటికి హైకోర్టు హైదరాబాదులోనే. మా సీనియర్‌తో కలిసి ఆ కేసు కోసం వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. రికార్డు పద్నాలుగు వందల పేజీలు పైచిలుకు. ఎఫ్ఐఆర్, శవ పంచనామా, మహజర్లు (సాక్షుల ముందు పోలీసులు రాసే కాగితాలు) అన్నీ తెలుగులోనే ఉంటాయి కదా. జడ్జీల ముందు పెట్టే పేపర్ బుక్ కోసం ప్రతి కాగితం ఇంగ్లీషులోకి తర్జుమా కావాలి, టైపు కావాలి, సరిచూడాలి, కట్టలు కట్టాలి. ఆ తర్జుమా చేసినాయన "మచ్చుకత్తి" అన్న మాటను ఉత్త కత్తి అని రాసిపెట్టాడు. వాదనలో జడ్జిగారు మెడికల్ రిపోర్టు చూసి, ఇంత చిన్న కత్తితో భుజం ఎముక ఎట్లా తెగిందని అడిగారు. సాక్షులు చెప్పింది నమ్మాలా వద్దా అన్న దాకా పోయింది మాట. చిత్తూరు నుంచి ఒరిజినల్ మహజరు తెప్పించి, మచ్చుకత్తి అంటే చింతకొమ్మలు కొట్టేదని, మూరెడు పొడవుంటుందని, బరువుగా ఉంటుందని చెప్పి, ఆ పేజీలు మళ్లీ తర్జుమా చేయించేసరికి రెండు వాయిదాలు పట్టింది. రెండు వాయిదాలంటే ఇద్దరు హైకోర్టు జడ్జీలు, పబ్లిక్ ప్రాసిక్యూటరు, బెంచి క్లర్కులు, కేసు చూసిన ఇన్‌స్పెక్టరు, అందరి రోజులూ. ఆ ఒక్క మాటకు ప్రభుత్వానికి అయిన ఖర్చుతో ముద్దాయికి జైల్లో ఎన్నో నెలలు తిండి పెట్టొచ్చు.

మరి అంత వెదకడం అనవసరమా? నా దృష్టిలో కానే కాదు. ఒక మనిషి ప్రాణం ఆ మాట మీద ఆధారపడి ఉన్నప్పుడు వెదకాల్సిందే. చివరికి హైకోర్టు ఉరిశిక్షను రద్దు చేసి యావజ్జీవంగా మార్చింది. అంటే ప్రభుత్వం ఉరిశిక్ష కేసుకు అయ్యే ఖర్చంతా పెట్టింది, ఆ తర్వాత యావజ్జీవం ఖర్చు కూడా పెట్టింది. దయచేసి ఈ ఒక్క సంగతి పట్టుకోండి, మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది.

ఎందుకంటే ఇది అరుదైన సంగతి కాదు, రోజూ జరిగేదే. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ఉరిశిక్షల మీద పెద్ద అధ్యయనం బయటపెట్టారు. 2000 నుంచి 2015 దాకా కింది కోర్టులు వేసిన ఉరిశిక్షల్లో పై కోర్టుల దాకా వెళ్లి నిలిచినవి సుమారు ఐదు శాతమే. ముప్పై శాతం దాకా పూర్తిగా విడుదలైపోయారు. మిగతావాళ్లకు శిక్ష తగ్గింది. ఇక ఈ శతాబ్దంలో మన దేశంలో నిజంగా ఉరి తీసింది ఎంతమందిని? 2004లో ధనంజయ్ చటర్జీ, 2012లో కసబ్, 2013లో అఫ్జల్ గురు, 2015లో యాకూబ్ మెమన్, 2020 మార్చి 20న నిర్భయ కేసులో నలుగురు. మొత్తం ఎనిమిది మంది. కింది కోర్టులు ఉరిశిక్ష వేసింది ఒక్క 2023లోనే 120 మందికి. ఆ ఏడాది చివరికి ఉరిశిక్ష మీద జైళ్లలో ఉన్నవాళ్లు 561 మంది.

లెక్క మీరే వేయండి. వందమందిని ఖరీదైన దారిలో నడిపిస్తున్నాం. అందులో ఐదుగురి శిక్ష నిలుస్తుంది. ఆ ఐదుగురిలోనూ కొందరికి క్షమాభిక్ష వస్తుంది, ఇంకొందరికి ఆలస్యం కారణంగా శిక్ష మారుతుంది. మిగతా తొంభై ఐదు మంది దగ్గర ఒక్క రూపాయి మిగలదు, అదనంగా పోయింది తిరిగి రాదు. ఒక్క ఉరి ఖరీదు కట్టాలంటే ఆ తొంభై ఐదు మంది ఖర్చు కూడా దానికే కలపాలి.

మన తెలుగువాళ్లకు బాగా గుర్తున్న చిలకలూరిపేట బస్సు దహనం కేసు చూడండి. 1993 మార్చిలో 23 మంది కాలిపోయారు. ఇద్దరికి ఉరి పడింది. సుప్రీంకోర్టు దాకా నిలిచింది, క్షమాభిక్ష అర్జీ ఒకసారి తిరస్కరించారు, ఉరికి తేదీ కూడా పెట్టారు. చివరి గంటల్లో స్టే వచ్చింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. అన్ని మెట్లూ ఎక్కి, ఉరికంబం ముందు నుంచి వెనక్కు వచ్చిన కేసు అది. రెండు ఖర్చులూ పూర్తిగా పడ్డాయి.

ఉరి అమలైన కేసుల్లో కూడా పరిస్థితి చూడండి. కసబ్ మీద మహారాష్ట్ర ప్రభుత్వం చెప్పిన ఖర్చు 28 కోట్లకు పైబడి అని పత్రికల్లో వచ్చింది. అందులో నాలుగేళ్ల తిండి ఖర్చు యాభై వేలు కూడా దాటలేదు. దాదాపు అంతా కాపలా బలగాలకు, ప్రత్యేకంగా కట్టిన సెల్లుకే పోయింది. అది ఉగ్రవాద కేసు, మామూలు హత్య కేసుకు అంత కాదు, అందుకే దాన్ని అన్నింటికీ కొలతగా పెట్టను. కానీ "బిర్యానీ పెట్టి మేపారు" అని ఏళ్ల తరబడి జనం తిట్టుకున్న కేసులో తిండి లెక్క ఇంతే. నిర్భయ కేసులో ఉరి తేదీ పెట్టే డెత్ వారంట్ నాలుగు సార్లు ఇవ్వాల్సి వచ్చింది, మూడు సార్లు తేదీ మారింది. చివరి రోజు అర్ధరాత్రి దాటాక కూడా సుప్రీంకోర్టు కూర్చుంది. తాళ్లు బిహార్‌లోని బక్సర్ జైలు నుంచి వచ్చాయి, తలారి మీరట్ నుంచి వచ్చాడు. ఈ మొత్తంలో మీరన్న తాడు ఖర్చు రెండు మూడు వేలు దాటదు.

అమెరికా గురించి అడిగారు కాబట్టి చెప్తాను. అక్కడ కొన్నిచోట్ల రాష్ట్రాలే ఆడిట్లు చేయించాయి, కొన్నిచోట్ల పరిశోధకులు లెక్క వేశారు. కాన్సాస్ రాష్ట్రంలో 2003లో చేసిన ఆడిట్‌లో మరణశిక్ష కోరిన కేసుకు 12.6 లక్షల డాలర్లు, కోరని హత్య కేసుకు 7.4 లక్షల డాలర్లు తేలింది. ఆ రెండో అంకెలో జైలు ఖర్చు కూడా కలిపే ఉంది. మేరీల్యాండ్‌లో 2008లో వేసిన లెక్క ప్రకారం ఐదుగురికి మరణశిక్ష అమలు చేయడానికి 18.6 కోట్ల డాలర్లు అదనంగా పోయాయి. 2013లో ఆ రాష్ట్రం మరణశిక్షే తీసేసింది. కాలిఫోర్నియాది మరీ విపరీతం. 1978 నుంచి 2011 దాకా 400 కోట్ల డాలర్లు ఖర్చయితే అమలైనవి 13. అంటే ఒక్కొక్కరికి 30 కోట్ల డాలర్ల పైమాట. ఈ అధ్యయనం చేసినవాళ్లలో ఒకరు ఫెడరల్ అప్పీళ్ల కోర్టు జడ్జి.

అయితే ఆ అంకెలు తెచ్చి ఇక్కడ అతికించడం సరికాదు, ఇది నేను గట్టిగా చెప్తాను. అక్కడ జ్యూరీ, అంటే తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం, ఉంటుంది. మరణశిక్ష కేసులో నేరం తేల్చడానికి ఒక విచారణ, శిక్ష తేల్చడానికి ఇంకో విచారణ జరుగుతాయి. ముద్దాయి పేదవాడైతే ప్రభుత్వమే అనుభవమున్న ఇద్దరు లాయర్లను, పరిశోధకులను, మానసిక నిపుణులను పెట్టాలి. డబ్బు అక్కడ పోతుంది. మన దగ్గర ఆ ఖర్చు తక్కువ. ఎందుకు తక్కువంటే, మనం పెట్టాల్సింది పెట్టడం లేదు కాబట్టి.

ఈ విషయం మీద నాకు చాలా బాధ ఉంది. ఉరిశిక్ష పడినవాళ్లలో నూటికి 74 మంది ఆర్థికంగా బలహీనులని అదే ఢిల్లీ అధ్యయనం చెప్పింది. మా కోర్టుల్లో చూసినా అంతే. కూలివాళ్లు, లారీ క్లీనర్లు, మేకలు కాసేవాళ్లు. నేను చిన్నప్పుడు, అంటే ప్రాక్టీసు కొత్తలో, హత్య కేసులో ఉచిత న్యాయ సహాయం కింద లాయరును పెడితే, కేసు మొత్తానికీ ఇచ్చే ఫీజు ఒక గుమాస్తా నెల జీతానికి సరిపోయేది కాదు. ఫైలు ముందురోజు సాయంత్రం చేతికి వచ్చేది. ముద్దాయిని కోర్టు వరండాలో, ఎస్కార్టు కానిస్టేబుల్ పక్కన నిలబడి ఉండగా, ఐదు నిమిషాలు మాట్లాడేవాళ్లం. అతని చేతికి బేడీ, నా చేతిలో చార్జిషీటు. మీ అమ్మానాయన ఎవరు, బడికి పోయావా, తలకు ఏమైనా దెబ్బ తగిలిందా, ఇలాంటివి అడగాలని ఎవరికీ తట్టేది కాదు. శిక్ష గురించి ప్రత్యేకంగా వినాలని చట్టంలో ఉంది. కానీ దోషి అని చెప్పిన రోజే, మధ్యాహ్నం భోజనం తర్వాత, "ముద్దాయికి చిన్నపిల్లలు ఉన్నారు, దయచూపండి" అన్న ఒక్క ముక్కతో ఆ వినడం అయిపోయేది. నేను కూడా అట్లాగే చెప్పిన రోజులున్నాయి. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

2022 మేలో సుప్రీంకోర్టు మనోజ్ కేసులో దీన్ని మార్చింది. ముద్దాయి మానసిక స్థితి, కుటుంబ చరిత్ర, జైల్లో నడవడిక, మారే అవకాశం, ఇవన్నీ విచారణ దశలోనే తెప్పించాలని చెప్పింది. మంచి తీర్పు. అయితే దానికి ప్రొబేషన్ ఆఫీసరు ఊరికి వెళ్లాలి, సైకియాట్రిస్టు జైలుకు రావాలి, ఎవరో కూర్చుని రిపోర్టు రాయాలి. ఇప్పుడు జిల్లాల్లో పేద ముద్దాయిల తరఫున ఉచితంగా వాదించే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థ కూడా వచ్చింది. అంటే సరిగ్గా చేయాల్సిన పని చేస్తున్న కొద్దీ మన దగ్గర కూడా ఉరిశిక్ష కేసు ఖర్చు పెరుగుతుంది. ఇన్నాళ్లూ చవకగా కనపడిందంటే ఆ చవకను ముద్దాయి పేదరికం మోసింది.

"అన్ని అప్పీళ్లు దేనికి, కుదించేయండి, నెలల్లో తేల్చేయండి" అంటారు కొందరు. అప్పటి మా ఉమ్మడి జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. 2019 నవంబర్‌లో కురబలకోట మండలంలో పెళ్లికి వచ్చిన పసిబిడ్డను పాడుచేసి చంపారు. పోలీసులు వారాల్లోనే చార్జిషీటు వేశారు, 2020 ఫిబ్రవరిలో చిత్తూరు కోర్టు ఉరిశిక్ష వేసింది. నాలుగు నెలలు కూడా పట్టలేదు. మేయర్ దంపతుల కేసుకు పదేళ్లు పట్టింది. కింది కోర్టులో వేగం సాధ్యమే, అవసరమే, నేను దాన్ని తప్పుపట్టను. కానీ నాలుగు నెలల్లో వచ్చినా పదేళ్లకు వచ్చినా, ఉరి అన్న తీర్పు తర్వాత రెండు కేసులూ నిలబడేది ఒకే మెట్టు దగ్గర, హైకోర్టు నిర్ధారణ దగ్గర.

ఆ మెట్లు తీసేస్తే ఏమవుతుందో కూడా మన దగ్గర జరిగే ఉంది. మహారాష్ట్రలో సంచార జాతులకు చెందిన ఆరుగురి కేసు. 2006లో ఉరిశిక్ష పడింది. 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరే సరి అంది. తర్వాత రివ్యూలో మళ్లీ విని, 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని చెప్పి, ఒక్కొక్కరికి ఐదు లక్షలు ఇవ్వమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. పదహారేళ్లు లోపల ఉన్నారు. 2009లోనే "ఖర్చు దండగ, ఉరి తీసేయండి" అని ఉంటే? రాజస్థాన్‌లో 1996, 1997లలో ఉరి తీసిన ఇద్దరి విషయంలో అయితే, వాళ్ల ఉరికి ఆధారమైన తీర్పు చట్టానికి విరుద్ధంగా వచ్చిందని సుప్రీంకోర్టే 2009లో చెప్పింది. అప్పటికి ఇద్దరూ లేరు.

మన రాష్ట్రంలో సత్యంబాబు పేరు తెలియనివాళ్లు ఉండరు. విజయవాడ దగ్గర బీఫార్మసీ విద్యార్థిని హత్య, 2007 డిసెంబర్. సత్యంబాబుకు యావజ్జీవం పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలేసి లక్ష రూపాయలు పరిహారం ఇవ్వమంది. ఆ రోజుల్లో "వీడిని ఉరి తీయాలి" అన్న గొంతులు ఎన్ని విన్నానో. యావజ్జీవం కాబట్టి మనిషి ఇంటికి తిరిగి రాగలిగాడు. ఆ మెట్ల మీద పెట్టే ఖర్చు ఎందుకని అడిగేవాళ్లకు నేను ముందు ఈ కేసే చెప్తాను.

మీ వాదనలో బలమున్న చోటును కూడా దాటవేయను. యావజ్జీవ ఖైదీలు ముసలివాళ్లయ్యాక ఆస్పత్రి ఖర్చు నిజంగానే పెరుగుతుంది. గుండె ఆపరేషన్లు, డయాలసిస్, ప్రతిసారీ ఎస్కార్టు. ఇది రాబోయే రోజుల్లో ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే 2008లో స్వామి శ్రద్ధానంద కేసు నుంచి కోర్టులు ఉరికి బదులు "ఇరవై ఐదేళ్లు, ముప్పై ఏళ్లు, లేదా చచ్చేదాకా, మధ్యలో విడుదల లేకుండా" అనే శిక్షలు వేస్తున్నాయి. 2015లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. మామూలు యావజ్జీవంలో కనీసం పద్నాలుగేళ్లు లోపల ఉన్నాక ముందస్తు విడుదలకు పరిశీలిస్తారు. ఈ శిక్షల్లో అది లేదు. ఈ ఖైదీల వృద్ధాప్యం ఖర్చు ప్రభుత్వం మీద పడుతుంది, అది నిజం. అయినా కింద ఒక్క కోర్టుతో మొదలై రాష్ట్రపతి భవన్ దాకా పోయే దారి ఖర్చుతో పోలిస్తే అది తక్కువేనని నా అంచనా. పైగా అది నిజంగా బతికి ఉన్న మనిషి మీద పెడుతున్న ఖర్చు. ఇంకొకటి కూడా అంటారు, ఉరి భయం ఉంటే ముద్దాయిలు నేరం ఒప్పుకుని విచారణ ఖర్చు తగ్గుతుందని. అమెరికాలో ఆ బేరం ఉంది. మన చట్టంలో ఏడేళ్లకు మించిన శిక్ష పడే నేరాలకు ప్లీ బార్గెయినింగే, అంటే నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే బేరమే, లేదు. కాబట్టి ఆ లాభం మనకు రాదు.

జైళ్ల మీద పన్ను డబ్బు వృథా అవుతోందన్న బాధ మీకు నిజంగా ఉంటే, దయచేసి ఆ 561 మందిని కాసేపు పక్కన పెట్టి ఇంకో అంకె చూడండి. 2022 చివరికి జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. నేరం రుజువు కానివాళ్లు. బెయిలు వచ్చినా జామీను దొరక్క లోపల ఉన్నవాళ్లు నాకు తెలుసు. ఒక కుర్రాడు పది వేల పూచీకత్తు లేక చిత్తూరు జైల్లో ఐదు నెలలు ఎక్కువ ఉన్నాడు. వాళ్ల అమ్మ చింతపండు కొట్టి కూలి తెచ్చుకునేది. ఆ ఐదు నెలల జైలు ఖర్చు ఆ పూచీకత్తు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎవరూ అడగలేదు.

2015 ఆగస్టులో లా కమిషన్ తన 262వ నివేదికలో, ఉగ్రవాదం, దేశంపై యుద్ధం తప్ప మిగతా నేరాలకు మరణశిక్ష తీసేయమని సిఫార్సు చేసింది. అది ఇప్పటిదాకా అమలు కాలేదు. ఉరి ఉండాలా వద్దా అన్నది మీ మనస్సాక్షి విషయం. పాడుచేసి చంపిన బిడ్డ తండ్రి నా ముందు కూర్చుని "వాడు బతికి ఉండకూడదు సార్" అంటే నేను ఎదురు వాదించను, వాదించలేను. కానీ "ప్రభుత్వానికి డబ్బు మిగులుతుంది కాబట్టి ఉరి తీయాలి" అంటే మాత్రం ఆ లెక్క తప్పు, ముప్పై రెండేళ్లుగా ఆ కాగితాలు మోసిన మనిషిగా చెప్తున్నాను.

పలమనేరు కేసు గురించి ఒక మాట మిగిలిపోయింది. చనిపోయిన ఇద్దరిలో ఒకరి తల్లి ప్రతి వాయిదాకూ కోర్టుకు వచ్చేది. నేను ముద్దాయి లాయరునని తెలిసీ నన్నే అడిగేది, "నాయనా, హైదరాబాదులో ఎప్పుడు తేలుస్తారు?" అని. కింది కోర్టు తీర్పు నుంచి హైకోర్టు తీర్పు దాకా ఆమె ఒక్క రూపాయి సాయం అందుకోలేదు. కొడుకు పొలం కౌలుకిచ్చి, కోడలు గార్మెంట్స్ పనికి బెంగళూరు పోయింది. అప్పటికి బాధితుల పరిహార పథకం లేదు. 2009 నుంచి చట్టంలో ఉంది, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 396వ సెక్షన్. ముద్దాయికి ఏ శిక్ష పడినా, కేసు ఏ దశలో ఉన్నా, చివరికి ముద్దాయి ఎవరో తెలియకపోయినా బాధిత కుటుంబం అర్జీ పెట్టుకోవచ్చు. చిత్తూరు కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంది. ఎఫ్ఐఆర్ కాపీ, మరణ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సులు తీసుకెళ్లాలి. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. మీకు తెలిసిన అలాంటి కుటుంబం ఉంటే పంపండి. అర్జీ రాయడం రాకపోతే కోర్టు పని రోజుల్లో సాయంత్రం ఐదు తర్వాత నా దగ్గరికి రమ్మనండి, రాసిస్తాను.